కంపెనీ చెప్పే మైలేజీ వేరు, మీ కారు ఇచ్చే మైలేజీ వేరు: తేడా ఎందుకు, అసలు లెక్క ఎలా?

"భాయ్, ఎంత ఇస్తది?" కొత్త కారు ఇంటి ముందు ఆగగానే మనవాళ్లు అడిగే మొదటి మాట ఇదే. రంగు, సీట్లు, స్క్రీన్ సైజు అన్నీ ఆ తర్వాతే. వచ్చే సమాధానం మాత్రం చాలాసార్లు షోరూమ్‌లో విన్న అంకెే అవుతుంది: 20, 22, 25. ఆ అంకెను నమ్మి నెల ఖర్చు వేసుకున్న కుటుంబం రెండో నెలకే బంకు బిల్లులు చూసి కంగారు పడుతుంది. బండిలో ఏదో లోపం ఉందనుకుని మెకానిక్ దగ్గరికి పరుగెడుతుంది.

చాలా సందర్భాల్లో బండిలో లోపం ఉండదు, మనం నమ్ముకున్న అంకెలోనే ఉంటుంది చిక్కు. కంపెనీ ఇచ్చే మైలేజీ ఒక కారును ఇంకో కారుతో పోల్చుకోవడానికి పనికొస్తుంది. ఇంటి బడ్జెట్ వేసుకోవడానికి పనికిరాదు. బడ్జెట్‌కు కావాల్సిన అంకెను మీ దారిలో, మీ బండిపై, మీరే కొలుచుకోవాలి. ఆ కొలత ఎలాగో, తేడా ఎక్కడి నుంచి వస్తుందో ఇక్కడ వివరంగా చూద్దాం.

తేడా ఎంత బరువైనదంటే

మన కుటుంబాలు ఎక్కువగా తీసుకునే ఏడు సీట్ల మారుతి ఎర్టిగానే ఉదాహరణగా తీసుకుందాం. 2022లో వచ్చిన మోడల్‌లో పెట్రోల్ మాన్యువల్‌కు ప్రకటించిన మైలేజీ లీటరుకు 20.51 కిలోమీటర్లు. ఒక కుటుంబం నెలకు 1,000 కిలోమీటర్లు తిరుగుతుందని, లెక్క సులువుగా ఉండడానికి పెట్రోల్ లీటరు 110 రూపాయలని అనుకుందాం.

ప్రకటించిన అంకె ప్రకారం నెలకు 48.8 లీటర్లు చాలు. ఖర్చు సుమారు 5,360 రూపాయలు. సిటీ, హైవే కలిపి చేతికి 14 మాత్రమే వచ్చిందనుకోండి. అప్పుడు 71.4 లీటర్లు కావాలి, ఖర్చు సుమారు 7,860 రూపాయలు. నెలకు 2,500, ఏడాదికి 30 వేల రూపాయల తేడా. ఒక బిడ్డ స్కూల్ ఫీజులో పెద్ద భాగం ఇందులోనే పోతుంది.

క్యాబ్ నడిపే అన్నలకు ఈ తేడా ఇంకా పెద్దది. అదే బండి సీఎన్‌జీ మోడల్‌కు ప్రకటించిన మైలేజీ కిలోకు 26.11 కిలోమీటర్లు. నెలకు 5,000 కిలోమీటర్లు తిరిగే డ్రైవర్‌కు, కిలో సీఎన్‌జీ 100 రూపాయలు అనుకుంటే, ఆ అంకె ప్రకారం ఖర్చు సుమారు 19,150 రూపాయలు. చేతికి 20 వస్తే ఖర్చు 25,000. నెలకు దాదాపు 5,850 రూపాయలు జేబులోంచి పోయినట్టే. ఈఎంఐ లెక్క వేసుకునే ముందు ఏ అంకె పట్టుకున్నామన్నదే ఇక్కడ అసలు విషయం.

కంపెనీ అంకె ఎక్కడి నుంచి వస్తుంది?

మన దేశంలో కార్ల మైలేజీని కంపెనీ తనకు తోచినట్టు రాసుకోవడానికి వీల్లేదు. పుణెలోని ఏఆర్ఏఐ, మానేసర్‌లోని ఐక్యాట్ వంటి గుర్తింపు పొందిన సంస్థల్లో పరీక్ష జరగాలి. 1966లో ఏర్పడిన ఏఆర్ఏఐ పేరు మీదే ఈ అంకెను జనం 'ఏఆర్ఏఐ మైలేజీ' అంటారు.

పరీక్ష రోడ్డు మీద జరగదు, ల్యాబ్‌లో జరుగుతుంది. కారును రోలర్ల మీద నిలబెడతారు. చక్రాలు తిరుగుతాయి గానీ బండి ముందుకు కదలదు. ముందే రాసిపెట్టిన వేగాల పట్టిక ప్రకారం డ్రైవర్ నడుపుతాడు. సైలెన్సర్ నుంచి వచ్చే పొగను పట్టి, అందులోని కార్బన్‌ను బట్టి ఎంత ఇంధనం కాలిందో లెక్క కడతారు.

ఆ పట్టిక పేరు మోడిఫైడ్ ఇండియన్ డ్రైవింగ్ సైకిల్. యూరప్‌లో పాతకాలపు పరీక్ష నుంచి తీసుకుని, ఇక్కడికి తగ్గట్టు గరిష్ఠ వేగాన్ని గంటకు 90 కిలోమీటర్లకు తగ్గించారు. మొత్తం పరీక్ష 1,180 సెకన్లు, అంటే 20 నిమిషాల లోపే. సగటు వేగం గంటకు 32 కిలోమీటర్ల దగ్గర ఉంటుంది. ఏసీ ఆఫ్‌లో ఉంటుంది. ఎదురుగాలి లేదు, గుంతలు లేవు, ఎక్కుడు రోడ్డు లేదు.

ఇందులో సిటీ భాగం కూడా ఉంది, ఆగడం కూడా ఉంది. కానీ ఆ సిటీ మన సిటీ కాదు. పట్టికలో ఒకచోట బండి సున్నా నుంచి 50 కిలోమీటర్ల వేగానికి చేరడానికి 26 సెకన్లు తీసుకుంటుంది. మెహిదీపట్నం సిగ్నల్ దగ్గర అంత నిదానంగా కదిలితే వెనకాల ఎన్ని హారన్లు మోగుతాయో మీకు తెలుసు.

అయినా ఈ అంకె పనికిమాలినది కాదు. అన్ని కార్లకూ ఒకే పరీక్ష కాబట్టి, అక్కడ 24 వచ్చిన కారు 18 వచ్చిన కారు కంటే రోడ్డు మీద కూడా సాధారణంగా పొదుపుగానే ఉంటుంది. వరుసను నమ్మవచ్చు. అంకెను నమ్మి ఖర్చు వేయకూడదు.

ఈ సమస్య మన దగ్గరే కాదు

యూరప్ 2017 నుంచి పాత పరీక్షను వదిలి డబ్ల్యూఎల్‌టీపీ అనే కొత్త పరీక్షకు మారింది. అది 1,800 సెకన్లు సాగుతుంది, దూరం 23 కిలోమీటర్లకు పైగా, గరిష్ఠ వేగం 131. అంత కఠినం చేసినా తేడా పోలేదు. యూరప్‌లో కొత్త కార్లలో నిజంగా కాలిన ఇంధనాన్ని నమోదు చేసే మీటర్ తప్పనిసరి. 2021లో రిజిస్టర్ అయిన కార్ల లెక్కలను యూరోపియన్ కమిషన్ 2024 మార్చిలో బయటపెట్టింది. పెట్రోల్ కార్లు పరీక్ష అంకె కంటే 23.7 శాతం, డీజిల్ కార్లు 18.1 శాతం ఎక్కువ తాగుతున్నాయని తేలింది. ప్లగ్-ఇన్ హైబ్రిడ్‌లైతే సగటున మూడున్నర రెట్లు. వాటిని చార్జింగ్ పెట్టకుండా పెట్రోల్ మీదే ఎక్కువగా నడపడం దీనికి ప్రధాన కారణం.

అమెరికాలో 2008 మోడల్ కార్ల నుంచి ఐదు పరీక్షలు కలిపి లేబుల్ అంకె ఇస్తున్నారు. ఒకటి 35 డిగ్రీల వేడిలో ఏసీ వేసి, ఒకటి వేగంగా తొక్కుతూ, ఒకటి గడ్డకట్టే చలిలో. అందుకే అక్కడి లేబుల్ వాస్తవానికి కాస్త దగ్గరగా ఉంటుంది.

ఇంధనం ఎక్కడికి పోతోంది?

మీరు పోసిన పెట్రోల్ శక్తిలో చక్రాల దాకా చేరేది నడిపే తీరును బట్టి 12 నుంచి 30 శాతమే. మిగతాది ఎక్కువగా ఇంజిన్ వేడిగా బయటికి పోతుంది. ఆ కాస్త శక్తిని కూడా తినేసేవి ఇవి.

*ఆగి ఉన్న బండి.* ఇంజిన్ ఆన్‌లో పెట్టి ఆగితే చిన్న కారైనా ఏసీతో గంటకు ముప్పావు లీటరు అటూ ఇటూగా తాగుతుంది. కిలోమీటర్లు సున్నా. రోజుకు 40 నిమిషాలు సిగ్నళ్ల దగ్గర, స్కూల్ గేటు ముందు, బజార్‌లో ఎదురుచూస్తూ గడిపితే, 25 రోజుల్లో దాదాపు 17 గంటలు. గంటకు 0.8 లీటర్ల చొప్పున 13 లీటర్లకు పైగా. అంటే నెలకు 1,450 రూపాయలు కదలకుండానే కాలిపోయాయి. పొడవాటి సిగ్నల్ దగ్గర ఇంజిన్ ఆపమని చెప్పేది ఇందుకే.

*ఏసీ.* మన ఎండల్లో ఇది తప్పదు. ఎండలో నిలబెట్టిన కారులో మొదటి పది నిమిషాలు ఏసీ బాగా కష్టపడుతుంది. అందుకే చిన్న చిన్న ట్రిప్పుల్లో దాని ప్రభావం ఎక్కువ. తీవ్రమైన ఎండలో, తక్కువ దూరాల్లో మైలేజీ పాతిక శాతం దాకా పడిపోవచ్చు. ఎక్కగానే రెండు నిమిషాలు అద్దాలు దించి వేడి గాలి బయటికి పోనిచ్చి, తర్వాత ఏసీ వేయడం మంచిది. హైవే మీద మాత్రం అద్దాలు తెరిచి నడిపితే గాలి ఒత్తిడి పెరుగుతుంది కాబట్టి ఏసీయే మేలు.

*వేగం.* గాలి ఎదురు తోసే బలం వేగం వర్గంతో పెరుగుతుంది. 90 మీద వెళ్లే బండికి, 120 మీద వెళ్లే బండికి గాలి అడ్డు తేడా 78 శాతం. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీద వేగవంతమైన లేన్లలో 120 దాకా అనుమతి ఉంది. అనుమతి ఉంది కదా అని నిండు బండిని 120 మీద తీసుకెళ్తే ట్యాంకు ముల్లు కూడా అంతే వేగంగా దిగుతుంది. చాలా కార్లకు 80 దాటాక మైలేజీ తగ్గడం మొదలవుతుంది.

*తొక్కే తీరు.* గట్టిగా యాక్సిలరేటర్ తొక్కడం, ముందు బండి దగ్గరికి వెళ్లి గట్టిగా బ్రేక్ కొట్టడం. బ్రేక్ కొట్టిన ప్రతిసారీ అప్పటిదాకా పెట్రోల్ పోసి తెచ్చుకున్న వేగాన్ని వేడిగా పారేస్తున్నాం. ఆగుతూ సాగే ట్రాఫిక్‌లో ఈ అలవాటు మైలేజీని 10 నుంచి 40 శాతం తగ్గించగలదు. డబ్బు ఖర్చు లేకుండా మార్చుకోగలిగేది కూడా ఇదొక్కటే.

*బరువు, పైన క్యారియర్.* ప్రతి 45 కిలోల అదనపు బరువుకు సుమారు 1 శాతం మైలేజీ తగ్గుతుంది. ఒక్కరు నడిపే కారులో ఇంకో ఆరుగురు ఎక్కితే 7, 8 శాతం దాకా తగ్గడం మామూలే. పెళ్లికి వెళ్లొచ్చాక కూడా పైన క్యారియర్, సామాన్ల పెట్టె అలాగే ఉంచితే హైవే మీద గాలి అడ్డు వల్ల నష్టం ఇంకా ఎక్కువ. పని అయిపోగానే దించేయండి.

*టైర్లు.* నాలుగు టైర్లలో 1 పీఎస్‌ఐ గాలి తగ్గితే మైలేజీ 0.2 శాతం తగ్గుతుంది. పెద్దగా అనిపించదు. కానీ నెలల తరబడి చూడకపోతే 10 పీఎస్‌ఐ తగ్గడం కూడా జరుగుతుంది, టైరు పేలే ప్రమాదం దాని కంటే పెద్దది. ఎంత గాలి కావాలో డ్రైవర్ తలుపు దగ్గరి స్టిక్కర్ మీద రాసి ఉంటుంది. టైర్లు చల్లగా ఉన్నప్పుడే చూసుకోవాలి.

ఈ20 పెట్రోల్ సంగతి

2025 నాటికి దేశమంతా 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్ మామూలైపోయింది. "పెట్రోల్ మారింది, మైలేజీ పడిపోయింది" అన్న మాట ప్రతి బంకు దగ్గరా వినిపిస్తోంది. ఇందులో నిజం ఉంది, అతిశయం కూడా ఉంది.

ఒక లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి, లీటరు పెట్రోల్‌లో ఉండే శక్తి కంటే దాదాపు మూడో వంతు తక్కువ. కాబట్టి 20 శాతం కలిపితే లీటరు శక్తి 6, 7 శాతం తగ్గుతుంది. 2021లో నీతి ఆయోగ్ విడుదల చేసిన నివేదిక కూడా ఇదే చెప్పింది: ఇథనాల్ లేని పెట్రోల్ కోసం రూపొందించి, ఈ10కు సర్దుబాటు చేసిన కార్లకు 6 నుంచి 7 శాతం, ఈ10 కోసం రూపొందించి ఈ20కు సర్దుబాటు చేసిన కార్లకు 1 నుంచి 2 శాతం తగ్గుదల ఉంటుందని.

అంటే 15 ఇచ్చే పాత కారు 14 దగ్గరికి రావచ్చు. 15 నుంచి 10కి పడిపోతే దానికి కారణం ఇథనాల్ ఒక్కటే కాదు, వేరే చోట వెతకాలి. 2023 ఏప్రిల్ తర్వాత తయారైన బండ్లు ఈ20ని తట్టుకునే భాగాలతో వస్తున్నాయి. అంతకు ముందు బండి ఉన్నవాళ్లు యజమాని పుస్తకంలో, ఇంధన ట్యాంకు మూత దగ్గరి స్టిక్కర్‌పై ఏ ఇంధనం రాశారో చూసుకుని, రబ్బరు పైపులు, గ్యాస్కెట్ల గురించి సర్వీస్ సెంటర్‌లో అడగాలి.

మీ మైలేజీ మీరే కొలవండి

దీనికి యాప్ అక్కర్లేదు. ఒక చిన్న నోట్‌బుక్, బంకు బిల్లులు చాలు.

1. ట్యాంక్ ఫుల్ చేయించండి. గన్ 'టక్' అని దానంతట అదే ఆగిన చోట ఆపేయమనండి. ఆపైన కుక్కి పోయించకండి, అది ట్యాంకు ఆవిరిని పట్టే వ్యవస్థకు మంచిది కాదు.
2. కిలోమీటర్ రీడింగ్ రాసుకోండి. ఉదాహరణకు 24,310.
3. మామూలుగా తిరగండి. కనీసం 300 కిలోమీటర్లు దాటనివ్వండి.
4. అదే బంకులో, వీలైతే అదే గన్ దగ్గర మళ్లీ ఆటో కట్ దాకా ఫుల్ చేయించండి. రీడింగ్ 24,742, బిల్లులో 30.6 లీటర్లు అనుకుందాం.
5. తిరిగిన దూరం 432 కిలోమీటర్లు. 432ను 30.6తో భాగిస్తే 14.1. అదే మీ మైలేజీ.

ఒక్కసారితో ఆగకండి. గన్ ఆగే చోటు ప్రతిసారీ కాస్త మారుతుంది. 30 లీటర్లలో 1 లీటరు తేడా వస్తే లెక్క 3 శాతం తప్పుతుంది, 10 లీటర్లలో అయితే 10 శాతం తప్పుతుంది. మూడు ట్యాంకులు కొలిచి, మొత్తం కిలోమీటర్లను మొత్తం లీటర్లతో భాగించండి.

"మేం ఫుల్ చేయించం, 500 కొట్టిస్తాం" అనేవాళ్లు చాలామంది. ఫర్వాలేదు. మొదట ఒకసారి, చివర ఒకసారి ఫుల్ చేయిస్తే చాలు. మొదటి ఫుల్‌లో పోసిన లీటర్లను వదిలేసి, మధ్యలో 500 చొప్పున కొట్టించిన బిల్లుల్లోని లీటర్లకు చివరి ఫుల్ లీటర్లు కలపండి. బిల్లు అడగడం మాత్రం మరవద్దు.

కొలిచే వారం కూడా ముఖ్యమే. రంజాన్ చివరి రోజుల్లో చార్మినార్ వైపు షాపింగ్‌కు తిరిగిన ట్యాంకు మీ ఏడాది సగటు కాదు. అలాగే కర్నూలు దాకా హైవే మీద వెళ్లొచ్చిన ట్యాంకు కూడా కాదు. మామూలు వారాలు ఎంచుకోండి.

కారు స్క్రీన్ మీద కనిపించే మైలేజీని పూర్తిగా నమ్మకండి. అది ఇంజెక్టర్ లెక్కల ఆధారంగా వేసిన అంచనా. చాలా కార్లలో నిజం కంటే కాస్త ఎక్కువ చూపిస్తుంది. మూడు ట్యాంకుల లెక్కతో పోల్చి చూస్తే మీ స్క్రీన్ ఎంత ఎక్కువ చెబుతుందో తెలిసిపోతుంది. ఆ తర్వాత ఆ తేడా తీసేసి చదువుకోవచ్చు.

బంకులో కొలత మీద అనుమానం ఉంటే, తూనికలు కొలతల శాఖ ముద్ర వేసిన 5 లీటర్ల పాత్రతో కొలిచి చూపించమని అడిగే హక్కు మీకుంది. అది ప్రతి బంకులో ఉండాలి.

సగటు తీసేటప్పుడు పడే గుంత

సిటీలో 12, హైవేలో 20 వస్తే సగటు 16 అని చాలామంది నోటి లెక్క వేసేస్తారు. అది తప్పు. నెలకు 600 కిలోమీటర్లు సిటీలో తిరిగితే 50 లీటర్లు, 400 కిలోమీటర్లు హైవేలో తిరిగితే 20 లీటర్లు. మొత్తం 1,000 కిలోమీటర్లకు 70 లీటర్లు. సగటు 14.3. నోటి లెక్కకు, అసలు లెక్కకు మధ్య నెలకు 7.5 లీటర్లు, అంటే 825 రూపాయల తేడా.

ఇంకో విషయం. 20 ఇచ్చే కారు అమ్మి 25 ఇచ్చే కారు కొంటే 1,000 కిలోమీటర్లకు మిగిలేది 10 లీటర్లు. 10 ఇచ్చే పాత కారును సర్వీస్ చేయించి, నడిపే తీరు మార్చుకుని 12కు తెచ్చుకుంటే మిగిలేది దాదాపు 17 లీటర్లు. ఎక్కువ తాగే బండిని కాస్త బాగుచేసుకోవడంలోనే ఎక్కువ లాభం. అందుకే లీటరుకు ఎన్ని కిలోమీటర్లని కాకుండా, కిలోమీటరుకు ఎన్ని రూపాయలని లెక్క పెట్టుకోండి. లీటరు ధరను మీ మైలేజీతో భాగిస్తే సరి. 110ని 14తో భాగిస్తే కిలోమీటరుకు 7 రూపాయల 86 పైసలు.

పెట్రోలా, సీఎన్‌జీనా, డీజిలా, హైబ్రిడా?

సీఎన్‌జీ మైలేజీ కిలోల్లో చెబుతారు, పెట్రోల్‌ది లీటర్లలో. ఒక కిలో సీఎన్‌జీలో దాదాపు లీటరున్నర పెట్రోల్ శక్తి ఉంటుంది. కాబట్టి 26ను 20తో నేరుగా పోల్చకూడదు. ఇక్కడే రూపాయల లెక్క పనికొస్తుంది. కిలో 100 రూపాయలు, చేతికి 20 వస్తే కిలోమీటరుకు 5 రూపాయలు. పెట్రోల్ 7.86తో పోలిస్తే కిలోమీటరుకు 2.86 మిగులు.

సీఎన్‌జీ మోడల్‌కు పెట్రోల్ కంటే 95 వేలు ఎక్కువ పెట్టారనుకుంటే, ఆ డబ్బు వెనక్కి రావడానికి దాదాపు 33 వేల కిలోమీటర్లు తిరగాలి. నెలకు 5,000 తిరిగే క్యాబ్‌కు ఏడు నెలలు చాలు. నెలకు 1,000 తిరిగే కుటుంబానికి మూడేళ్లకు కాస్త తక్కువ. నెలకు 400 తిరిగేవారికి ఏడేళ్లు. డిక్కీ స్థలం పోవడం, బంకు దగ్గర క్యూ, మూడేళ్లకోసారి సిలిండర్ పరీక్ష చేయించడం కూడా లెక్కలో పెట్టుకోవాలి.

డీజిల్ ఇంజిన్ హైవే మీద ఎక్కువ తిరిగేవారికి లాభం. బీఎస్6 డీజిల్ కార్లలో పొగలోని మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది. రోజూ రెండు మూడు కిలోమీటర్లు మాత్రమే తిప్పితే అది మూసుకుపోతుంది. దాన్ని కాల్చి శుభ్రం చేయడానికి బండి అదనంగా డీజిల్ వాడుకుంటుంది. స్కూల్, బజార్, ఇల్లు అన్నట్టు తిరిగే కుటుంబానికి ఇది నప్పదు.

స్ట్రాంగ్ హైబ్రిడ్ దీనికి తలకిందులు. బ్రేక్ వేసినప్పుడు పోయే శక్తిలో కొంత బ్యాటరీలోకి పట్టుకుంటుంది, ఆగినప్పుడు ఇంజిన్ ఆపేస్తుంది. అందుకే ట్రాఫిక్‌లోనే దాని గొప్ప కనిపిస్తుంది. ధర మాత్రం ఎక్కువ. పైన చెప్పినట్టే ఎన్ని కిలోమీటర్లకు డబ్బు తిరిగొస్తుందో లెక్క వేసుకుని అడుగు వేయండి.

మైలేజీ ఒక్కసారిగా పడిపోతే

మెల్లగా తగ్గితే అలవాట్లు, వాతావరణం, దారి మారాయేమో చూడండి. ఒక్కసారిగా 20 శాతం పడిపోతే బండిని చూపించాలి. ఇంజిన్ లైట్ వెలుగుతోందా? ఆక్సిజన్ సెన్సర్ పాడైతే ఇంధనం విపరీతంగా పోతుంది. బ్రేకులు పట్టేస్తున్నాయా? కాస్త దూరం నడిపి ఆగాక ఒక చక్రం దగ్గర మాత్రం ఎక్కువ వేడి తగిలితే అనుమానించాలి, చేత్తో ముట్టుకోవద్దు. వీల్ అలైన్‌మెంట్, వెడల్పు టైర్లు వేయించారా, కంపెనీ చెప్పిన గ్రేడ్ ఇంజిన్ ఆయిలే పోశారా అన్నవీ చూడండి.

కొన్ని నమ్మకాలు కూడా వదిలేయాలి.

దిగుడులో న్యూట్రల్ వేస్తే పెట్రోల్ మిగులుతుందనేది కార్బ్యురేటర్ కాలం మాట. ఇప్పటి కార్లలో గేర్‌లో ఉండి యాక్సిలరేటర్ వదిలేస్తే ఇంజిన్‌కు ఇంధనం ఆగిపోతుంది. న్యూట్రల్‌లోనే ఐడ్లింగ్ కోసం కాలుతుంది. పైగా ఘాట్ రోడ్డులో బ్రేకుల మీద భారం పెరిగి ప్రాణం మీదికి వస్తుంది.

తెల్లవారుజామున పోయిస్తే ఎక్కువ పెట్రోల్ వస్తుందనేది కూడా ఆశే. ట్యాంకులు భూమి లోపల ఉంటాయి, రోజులో ఉష్ణోగ్రత పెద్దగా మారదు. పెట్రోల్ పైపుకు అయస్కాంతం, ట్యాంకులో మాత్ర వంటి వాటిపై డబ్బు పెట్టకండి. అమెరికా పర్యావరణ సంస్థ ఇలాంటివి 100కు పైగా పరీక్షించింది, చెప్పుకోదగ్గ లాభం ఇచ్చినవి చాలా తక్కువ. ప్రీమియం పెట్రోల్ కూడా, మీ ఇంజిన్‌కు అదే కావాలని పుస్తకంలో రాసి ఉంటే తప్ప, మైలేజీ పెంచదు.

కంపెనీ మోసం చేసిందనిపిస్తే

ల్యాబ్ అంకెకు, రోడ్డు అంకెకు తేడా ఉండడం ఒక్కటే మోసం కాదు. అయితే అంకెలే తప్పుగా ఇచ్చిన సందర్భాలూ ఉన్నాయి. అమెరికాలో హ్యుందాయ్, కియా దాదాపు 9 లక్షల కార్లకు మైలేజీ ఎక్కువ చూపినట్టు 2012లో బయటపడింది. 2014లో 10 కోట్ల డాలర్ల జరిమానా కట్టాయి. జపాన్‌లో మిత్సుబిషి 6 లక్షలకు పైగా చిన్న కార్ల పరీక్ష లెక్కలు మార్చినట్టు 2016లో ఒప్పుకుంది.

మన దేశంలో 2004లో మారుతి జెన్ కొన్న ఒక వినియోగదారుడు, ప్రకటనలో 16 నుంచి 18 అన్నారని, తనకు వచ్చింది సగటున 10.2 మాత్రమేనని కేసు వేశారు. ఆయనకు లక్ష రూపాయల పరిహారం ఇవ్వాలన్న తీర్పును జాతీయ వినియోగదారుల కమిషన్ 2024 జనవరిలో సమర్థించింది. పోరాటానికి రెండు దశాబ్దాలు దగ్గర పట్టింది.

మీకూ అలాంటి అనుమానం ఉంటే ముందు మూడు నాలుగు ట్యాంకుల బిల్లులు, రీడింగుల ఫొటోలు సిద్ధం చేసుకోండి. ప్రకటన, బ్రోచర్ దాచుకోండి. సర్వీస్ సెంటర్‌లో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, వాళ్లు చేసే మైలేజీ పరీక్షలో మీరూ కూర్చోండి. పని జరగకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. ఆ తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్. చెల్లించిన ధర 50 లక్షల లోపు ఉంటే కేసు అక్కడే వేయాలి, 5 లక్షల లోపైతే ఫీజు కూడా లేదు. కారణం తలెత్తిన రెండేళ్లలోపు వేయాలి.

కొనే ముందు ఈ మూడు చూడండి

ఒకటి, నెలకు మీరు తిరిగే కిలోమీటర్లు ఎన్ని, అందులో సిటీ ఎంత, హైవే ఎంత అని ముందు రాసుకోండి. రెండు, బడ్జెట్ వేసేటప్పుడు కంపెనీ అంకెలోంచి కనీసం పాతిక శాతం, సిటీయే ఎక్కువైతే మూడో వంతు దాకా తీసేయండి. 24 అంటే 18 లేదా 16 అనుకోండి. ఎక్కువ వస్తే సంతోషం, తక్కువ వస్తే కష్టం ఉండదు. మూడు, అదే మోడల్ మీ ఊళ్లో, మీలాంటి దారుల్లో ఏడాదిగా నడుపుతున్న వారిని అడగండి. అడిగేటప్పుడు "ఎంత ఇస్తది" అని ఆపకుండా, "ఎలా కొలిచారు, ఏసీ వేశారా, సిటీనా హైవేనా" అని కూడా అడగండి. సెకండ్ హ్యాండ్ కారైతే సర్వీస్ బిల్లులు చూసి, కొన్న మొదటి నెలలోనే మూడు ట్యాంకులు కొలవండి. ఆ అంకె నోట్‌బుక్ మొదటి పేజీలో ఉంటే, రేపు బండికి ఏ తేడా వచ్చినా ముందుగా అదే మీకు చెబుతుంది.